దుకాణంలో నచ్చిన వినికిడి యంత్రం

నాలుగు నెలల వ్యవధిలో నేను ముగ్గురు అమ్మకందారుల దగ్గర మూడు వినికిడి యంత్రాలు పెట్టుకొని చూశాను. మొదటిది పెట్టిన క్షణం నుంచే హాయిగా ఉంది. రెండోది అంత హాయిగా లేకపోయినా ఫరవాలేదనిపించింది. మూడోది పెట్టగానే తీసి బల్లమీద పడెయ్యాలనిపించింది. ఇప్పుడు నా చెవులకు ఉన్నది ఆ మూడోదే. దీన్ని నా ఒక్కడి విచిత్రంగా కొట్టిపారేయకుండా ఎందుకిలా జరిగిందని విచారించుకుంటూ పోతే, వినికిడి యంత్రాల్ని పోల్చడానికి మనమందరం వాడే కొలమానమే తప్పని నాకు అర్థమైంది. అమ్మకందారు ఎదుట కూర్చొని, ఆయన "ఎలా వినిపిస్తోంది?" అని అడిగినప్పుడు మనం చెప్పే జవాబు మీద మొత్తం బేరం ఆధారపడుతుంది. నిజానికి ఆ జవాబంత పనికిరాని సాక్ష్యం మరొకటి లేదు.

పాఠాలు చెప్పడం నా వృత్తి. చివరి బల్లమీది పిల్లలు అడిగే ప్రశ్నలు నాకు అందడం లేదని నాకంటే ముందు పిల్లలే కనిపెట్టారు. ఆడియోగ్రామ్ అనే పరీక్ష చేయిస్తే, 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఏ స్వరాన్ని ఎన్ని డెసిబెళ్ల దగ్గర వినడం మొదలుపెడుతున్నానో గుర్తులు పెట్టిన కాగితం చేతికొచ్చింది. హెర్ట్జ్‌లలో కొలిచేది స్వరపు ఫ్రీక్వెన్సీని, అంటే అది ఎంత సన్నగా ఉందన్నదాన్ని; డెసిబెళ్లలో కొలిచేది శబ్దం ఎంత గట్టిగా ఉందన్నదాన్ని. నా గీత 1000 హెర్ట్జ్ దాకా దాదాపు మామూలుగానే సాగి, 2000 దగ్గర 40 డెసిబెళ్లకు, 4000 దగ్గర 60 డెసిబెళ్లకు జారిపోయింది, అంటే అంత గట్టిగా ఉంటే తప్ప ఆ స్వరం నాకు వినబడదు. వయసుతో వచ్చే లోపంలో ఎక్కువగా కనిపించే ఆకారం ఇదే. అచ్చుల బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. ఒక హల్లును మరో హల్లు నుంచి వేరుచేసే ఆనవాళ్లు చాలావరకు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, సకారం బలమైతే 4000 హెర్ట్జ్ ఇరుగుపొరుగున, ఆ పైన ఉంటుంది. అందుకే ఎవరైనా "తలుపు" అంటే అందులో "అలుపు" నాకు నిక్షేపంగా వినిపించేది. ముందున్నది తకారమో కకారమో సందర్భాన్ని బట్టి ఊహించుకునేవాణ్ణి. వినిపిస్తూనే ఉంది గాని అర్థం కావడం లేదు అని ఈ లోపమున్నవాళ్లు చెప్పుకునేది ఈ స్థితి గురించే. దీనికి మందు మొత్తం శబ్దాన్ని పెంచడం కాదు, కొరవడిన పై భాగాన్ని కొరవడినంత మేరకు పెంచడం.

మొదటి అమ్మకందారు నా ఆడియోగ్రామ్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి, తయారీ సంస్థ సాఫ్ట్‌వేర్ సూచించిన అమరికను ఒక్క నొక్కుతో యంత్రంలోకి పంపి, చెవులకు తగిలించారు. ఈ పద్ధతిని ఆ రంగంలో ఫస్ట్ ఫిట్ అంటారు. "ఎలా ఉంది సార్?" అని ఆయన అడిగితే "చాలా సహజంగా ఉంది" అన్నాను. ఆయన మొహం వెలిగింది, నాదీ వెలిగింది. ఆ రోజు మా ఇద్దరికీ తట్టని సంగతి ఏమిటంటే, ఏళ్ల తరబడి పై ఫ్రీక్వెన్సీలు వినని చెవికి వాటిని వినకపోవడమే సహజం. లోపం ఒక్కరోజులో రాదు కాబట్టి ఆ మూసిపెట్టినట్టుండే ప్రపంచాన్నే మెదడు అసలు ప్రపంచంగా లెక్కవేసుకుంటుంది. పోయినదాన్ని హఠాత్తుగా తిరిగిస్తే కాగితాల గరగర, చెప్పుల చప్పుడు, కుళాయి ధార అన్నీ సూదుల్లా గుచ్చుకుంటాయి. అలా గుచ్చుకున్నవాళ్లు యంత్రాన్ని వెనక్కి తెచ్చిచ్చేస్తారని తయారీదార్లకూ అమ్మకందార్లకూ బాగా తెలుసు. సంస్థల సొంత అమరికలు పై ఫ్రీక్వెన్సీలకు ఇవ్వవలసిన దానికంటే తక్కువ పెంపు ఇస్తున్నాయని చెవిలోపల కొలిచి చూసిన పరిశీలనలు ఒకటికి మించి ఉన్నాయి. ఇందులో మోసమేమీ లేదు. అమ్మకందారు భయమూ నా చెవి బద్ధకమూ వియ్యమందాయి, అంతే.

ఆ వియ్యం ఎంతదూరం పోగలదో ఇండియానా విశ్వవిద్యాలయంలో లారీ హ్యూమ్స్ బృందం 2017లో ప్రచురించిన పరీక్ష చూపించింది. వాళ్లు పెద్దవయసువాళ్లను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టులు శాస్త్రోక్తంగా అమర్చిన యంత్రాలు ఇచ్చారు. మరో గుంపువాళ్లను సిద్ధంగా పెట్టినవాటిలో తమకు నచ్చినది ఎంచుకోమన్నారు. మూడో గుంపుకు అదే యంత్రాన్ని, అంతే మర్యాదగా, శబ్దాన్ని ఏమాత్రం పెంచకుండా అమర్చి ఇచ్చారు, సంగతి మాత్రం చెప్పలేదు. మొదటి రెండు గుంపులకూ మేలు జరిగింది. ఆరు వారాల తరవాత అడిగితే, ఏమీ పెంచని యంత్రం పెట్టుకున్నవాళ్లలో కూడా మూడోవంతుకు పైగా దాన్ని ఉంచేసుకుంటామన్నారట. ఇది చదివాక నా "చాలా సహజంగా ఉంది" గుర్తొచ్చి నాకు నవ్వూ సిగ్గూ రెండూ కలిగాయి. అదే పరీక్షలో మనుషులు యంత్రానికి చెల్లించిన ధరను కూడా రెండు రకాలుగా మార్చి చూస్తే ఫలితంలో తేడా రాలేదు.

ధర మాట వచ్చింది కాబట్టి రెండో అమ్మకందారు సంగతికి వస్తాను. అక్కడ యంత్రం కంటే ముందు ఒక పట్టిక చేతికిచ్చారు. ప్రాథమికం, మధ్యమం, ఉత్తమం, అత్యుత్తమం అని నాలుగు మెట్లు, మెట్టుమెట్టుకూ పెరిగే ఛానెళ్ల (విడివిడిగా సరిచేయగల ఫ్రీక్వెన్సీ ముక్కల) సంఖ్య, కృత్రిమ మేధ, శబ్ద నియంత్రణ, ఫోనులో యాప్. ఛానెళ్లు ఎన్ని ఉంటే అంత స్పష్టత అన్నట్టు మాట్లాడారు గాని, ఒక హద్దు దాటాక ఛానెళ్లు పెరిగినంత మాత్రాన మాట మరింత తేటగా అర్థం కాదు. మెంఫిస్ విశ్వవిద్యాలయంలో రాబిన్ కాక్స్, ఆమె సహచరులు పేరున్న తయారీదార్ల ప్రాథమిక, అత్యుత్తమ శ్రేణి యంత్రాలను, ఏది ఏదో చెప్పకుండా, స్వల్ప, మధ్యస్థ లోపమున్న పెద్దవాళ్లకు నెలరోజుల చొప్పున ఇచ్చి చూశారు. 2014లోనూ 2016లోనూ వెలువడిన ఆ ఫలితాల్లో మాట అర్థం కావడంలో గాని రోజువారీ జీవితంలో కలిగిన మేలులో గాని రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వాళ్లు యంత్రాలన్నిటినీ జాగ్రత్తగా కొలిచి అమర్చారన్నది ఇక్కడ మరిచిపోకూడదు. సరిగా అమర్చిన చవక యంత్రానికీ సరిగా అమర్చిన ఖరీదైన యంత్రానికీ తేడా తక్కువ. సరిగా అమర్చని యంత్రానికి ఏ మెట్టూ అక్కరకు రాదు.

ఆ పట్టిక చూపిస్తూనే, యంత్రం పెట్టుకోకపోతే మతిమరుపు వ్యాధి వస్తుందని కూడా నన్ను భయపెట్టారు. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అచీవ్ పరీక్షలో 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మందిని మూడేళ్లు గమనిస్తే, యంత్రాలు ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ మొత్తం మీద జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గుదలలో తేడా కనిపించలేదు. ముందునుంచే ప్రమాదం ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం యంత్రాలు ఇచ్చినవాళ్లకు ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. ఆశపెట్టుకోవడానికి అది మంచి కారణమే, భయపెట్టి ఖరీదైన మెట్టు ఎక్కించడానికి మాత్రం కారణం కాదు.

బ్రాండ్ల పోలికకు కూడా జనం చాలా శ్రమ పడుతుంటారు. ప్రపంచంలో అమ్ముడయ్యే వినికిడి యంత్రాల్లో అత్యధిక భాగం అయిదు సంస్థల నుంచే వస్తాయి. ఫోనాక్, యూనిట్రాన్ రెండూ స్విట్జర్లాండ్‌లోని సోనోవా సంస్థవి. ఓటికాన్, బెర్నఫాన్ డెన్మార్క్‌లోని డీమాంట్‌వి. సిగ్నియా, వైడెక్స్, రెక్స్‌టన్ 2019లో రెండు సంస్థల విలీనంతో ఏర్పడిన డబ్ల్యూ.ఎస్. ఆడియాలజీవి. రీసౌండ్, బెల్టోన్ జి.ఎన్. అనే సంస్థవి. అయిదోది అమెరికాలోని స్టార్కీ. ఈ సంస్థల్లో కొన్ని సొంతంగా అమ్మకపు గొలుసులు కూడా నడుపుతాయి కాబట్టి, ఒక అమ్మకందారు ఒకే సంస్థ యంత్రాన్ని పదేపదే పొగుడుతుంటే ఆ పొగడ్త ఎక్కడినుంచి వస్తోందో అడగడంలో తప్పు లేదు. నేను చూసిన మొదటి యంత్రమూ మూడో యంత్రమూ వేర్వేరు పేర్లతో ఉన్న ఒకే ఇంటి బిడ్డలని నాకు తరవాత తెలిసింది.

మూడో చోట ఆడియాలజిస్ట్ నన్ను ఎలా ఉందని అడగలేదు. ముందుగా చెవిలోకి చూసి గులిమి లేదని నిర్ధారించుకొని, దారంలాంటి సన్నని సిలికాన్ గొట్టాన్ని కర్ణభేరికి కాస్త ఇవతల దాకా పోనిచ్చి, దాని మీదుగా యంత్రం తగిలించి, ఎదురుగా ఉన్న స్పీకర్లో మాటలు వినిపించారు. గొట్టం రెండో కొసన ఉన్న మైక్రోఫోన్ నా చెవిలో నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచి తెరమీద గీతగా చూపించింది. దీనికి రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అని పేరు. చెవి కాలువ పొడవు, వెడల్పు, యంత్రపు కొసన తొడిగే డోమ్ ఎంత బిగువుగా కూర్చుందన్నది మనిషి మనిషికీ మారతాయి కాబట్టి, కంప్యూటర్ ఒకే అమరిక పంపినా ఇద్దరి చెవుల్లో చేరే శబ్దంలో పది డెసిబెళ్ల తేడా రావడం వింత కాదు. కంప్యూటర్ తెరమీద కనిపించేది ఒక సగటు చెవి గురించిన అంచనా. గొట్టం చెప్పేది నా చెవి సంగతి.

తెరమీద ఇంకో గీత కూడా ఉంది. నా ఆడియోగ్రామ్ ఉన్న మనిషికి ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం చేరాలో చెప్పే లక్ష్యరేఖ అది. ఏ అమ్మకందారుకూ చెందని సూత్రాలు ఇందుకోసం ఉన్నాయి. పెద్దవాళ్లకు ఎక్కువగా వాడేవి ఆస్ట్రేలియాలోని నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్ రూపొందించిన ఎన్.ఎ.ఎల్. వరస సూత్రాలు, పిల్లలకు ఎక్కువగా వాడేది కెనడాలో పుట్టిన డి.ఎస్.ఎల్. నేను ప్రయోగ గడువు మీద తెచ్చుకున్న మొదటి యంత్రం అప్పటికింకా నా జేబులోనే ఉంది. దాన్నీ కొలవమని అడిగాను. మామూలు మాటల శబ్దానికి 3000 హెర్ట్జ్ దగ్గర లక్ష్యం 21 డెసిబెళ్ల పెంపు కాగా నాకు అందుతున్నది 8. 4000 దగ్గర గీత దాదాపు నేలమీదే ఉంది. అంత హాయిగా ఎందుకుందో అప్పుడు బోధపడింది.

అలాంటప్పుడు ఆ మొదటి యంత్రాన్నే సరిచేసి ఇవ్వవచ్చు కదా అన్నాను. ఆడియాలజిస్ట్ ప్రయత్నించారు గాని కుదరలేదు, ఎందుకంటే దాన్ని అమ్మినవాళ్ల సాఫ్ట్‌వేర్‌తో తప్ప మరెవరూ తెరవలేకుండా తాళం వేశారు. కొన్ని గొలుసు దుకాణాలు తయారీదారు దగ్గర తమ సొంత పేరుతో చేయించుకునే యంత్రాలకు ఇలాంటి కట్టడి ఉంటుంది. తాళం లేని యంత్రమైతే ఆ తయారీదారు సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ ఆడియాలజిస్టైనా సరిచేయగలరు. యంత్రం సాధారణంగా అయిదారేళ్లు పనిచేస్తుంది. ఆ కాలంలో మనం ఊరు మారవచ్చు, ఆ దుకాణం మూతపడవచ్చు, మన వినికిడి మరింత తగ్గవచ్చు. అందువల్ల యంత్రానికి తాళముందా లేదా అన్నది ఛానెళ్ల సంఖ్యకంటే వందరెట్లు ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం. నేను దాన్ని మొదటి చోట అడగలేదు, అడగాలని నాకు తెలియదు.

ఇద్దరు అమ్మకందారులు చెప్పే మొత్తాలను పక్కపక్కన పెట్టి ఇది ఎక్కువ, అది తక్కువ అనడం కూడా తొందరపాటే. ఒకరి మొత్తంలో యంత్రంతోపాటు ఏళ్ల తరబడి సరిచేయింపులు, కొలతలు, గులిమి అడ్డుపడకుండా రిసీవర్ (యంత్రంలోని బుల్లి స్పీకర్) మీద వేసే జల్లెడలు, డోములు కలిసి ఉంటాయి. మరొకరి దగ్గర యంత్రం మాత్రమే వస్తుంది, తరవాత వెళ్లిన ప్రతిసారీ విడిగా చెల్లించాలి. మొదటి కొన్ని నెలల్లో నాలుగైదు సార్లైనా వెళ్లవలసి వస్తుంది కాబట్టి ఆ రాకపోకల్ని కూడా లెక్కలో వేసుకొని, ప్రయోగ గడువు ఎన్నాళ్లు, తిరిగిస్తే ఎంత కోత, పోగొట్టుకుంటే ఏమిటి అన్నవి కాగితం మీద రాయించుకున్నాకే పోలిక మొదలవుతుంది. ఛార్జింగా, మార్చుకునే బ్యాటరీయా అన్నది ఎవరి వేళ్ల నేర్పును బట్టి, ఎవరి ప్రయాణాలను బట్టి వాళ్లు తేల్చుకోవలసినదే, అందులో నాకు పట్టింపు లేదు.

నా వాదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆడియాలజిస్ట్ అవసరమే లేకుండా ఫోనులో పరీక్ష చేసుకొని మనమే అమర్చుకునే యంత్రాలు వచ్చేశాయి కదా అంటారు. అమెరికాలో స్వల్ప, మధ్యస్థ లోపమున్న 18 ఏళ్లు నిండినవాళ్లకు ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించే నిబంధన 2022 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 ఇయర్‌ఫోన్లలో ఇదే పని చేసే సాఫ్ట్‌వేర్‌కు అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. అనుమతి ఇచ్చింది. ఒకే రకం యంత్రాన్ని కొందరికి ఆడియాలజిస్టులు అమర్చి, కొందరిని తామే అమర్చుకోమన్న ఒక చిన్న పరీక్షలో ఆరు వారాల చివర రెండు గుంపులూ దాదాపు సమానంగా నిలిచాయని 2023లో ప్రచురించారు. నేను దీన్ని కాదనను. లోపం స్వల్పమైనప్పుడు, రెండు చెవుల్లో ఒకేలా ఉన్నప్పుడు, ఫోనుతో చనువున్న మనిషికి ఇది మంచి దారి. మొదటి అమ్మకందారు నాకు చేసిన దానికంటే ఇదే నయం, ఎందుకంటే మంచి స్వీయ అమరిక యంత్రం కనీసం నా చెవినే పరీక్షించి నడుచుకుంటుంది. కాని ఒక్క చెవిలోనే వినికిడి తగ్గినా, చీము, నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా యంత్రం జోలికి పోకముందే ఈ.ఎన్.టి. డాక్టరును కలవాలి. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వినికిడి పడిపోతే అది రోజులు లెక్కపెట్టి చికిత్స చేయవలసిన అత్యవసరం. ఏ యాపూ చెవిలోపలికి చూసి చెప్పలేదు.

లక్ష్యరేఖ అయినా వేదవాక్కు కాదు. అది ఎంతోమంది సగటు మీద కట్టిన సూత్రం. కొంతమందికి నిజంగానే అంతకంటే తక్కువ సరిపోతుంది, ఇంకొంతమందికి పెద్ద శబ్దాలు సూత్రం ఊహించినదానికంటే ముందే బాధిస్తాయి. నాకు కూడా మొదటిరోజున లక్ష్యంలో ముప్పాతిక దగ్గర ఆపి, రెండు వారాలకొకసారి కొంచెం కొంచెం ఎక్కించారు. తేడా ఎక్కడంటే, నేను ఎంత తక్కువలో ఉన్నానో, ఎందుకు ఉన్నానో, ఎప్పటికి పైకి వెళ్తానో నాకు తెలుసు. మొదటి యంత్రం విషయంలో అది ఎవరికీ తెలియదు, అమ్మినాయనకు సైతం.

ఇక నా అభిప్రాయానికి విలువ లేదా అంటే, ఉంది. అది కుర్చీలో కూర్చున్న పది నిమిషాల్లో పుట్టేది కాకూడదు. ఆస్ట్రేలియా ప్రయోగశాల వాళ్లే రూపొందించిన ఒక పద్ధతిలో, యంత్రం పెట్టుకోక ముందే మనకు ఇబ్బందిగా ఉన్న సందర్భాల్ని అయిదింటి దాకా మన మాటల్లో రాసి పెట్టుకొని, వారాల తరవాత వాటిలో ఒక్కొక్కటీ ఎంత మారిందో గుర్తు వేసుకుంటారు. "బాగా వినపడాలి" అని రాస్తే లాభం లేదు. నేను రాసుకున్నవి ఇవి: చివరి బల్ల నుంచి వచ్చే ప్రశ్న, ఫోనులో మా అమ్మాయి గొంతు, నా వెనకనుంచి ఎవరైనా పిలవడం, నలుగురు ఒకేసారి మాట్లాడే ఉపాధ్యాయుల గది, నాకు తెలియకుండానే నేను గొంతు పెంచడం. ఇద్దరు అమ్మకందారుల యంత్రాలను పోల్చాలంటే ఒక్కోదానికీ కనీసం రెండు మూడు వారాలిచ్చి, రెంటికీ ఇదే కాగితం వాడాలి. ఒకే పూట ఒకదాని తరవాత ఒకటి పెట్టి చూస్తే గెలిచేది తక్కువ పెంచేదే.

నాలుగో సందర్భం గురించి ముందే చెప్పి ఉంచడం అమ్మకందారు నిజాయితీకి పరీక్ష. రొదలో మాట పట్టుకోవడం ఏ యంత్రానికైనా కష్టమే. ఎదుటివైపు శబ్దాన్ని ఎక్కువగా తీసుకునే జంట మైక్రోఫోన్లు కొంత సాయం చేస్తాయి. శబ్ద నియంత్రణ అని చెప్పేది చాలావరకు విసుగును తగ్గిస్తుందే గాని అర్థాన్ని అంతగా పెంచదు. మాట్లాడే మనిషి పెదవుల దగ్గరికి మైక్రోఫోన్ చేర్చడంతో పోలిస్తే ఇవన్నీ చిన్న సాయాలు. "ఈ యంత్రంతో హోటల్లో కూడా అన్నీ స్పష్టంగా వినిపిస్తాయి" అన్నది రెండో అమ్మకందారు. "అక్కడ మీకు ఇబ్బంది ఉంటుంది, ఒక విడి మైక్ ఇస్తాను, పెట్టి చూడండి" అన్నది మూడోవారు.

ఎనిమిది వారాల తరవాత ఆ కాగితం తీశాను. మొదటి మూడింటి ఎదుట "చాలా మెరుగు" అని రాశాను. కాగితాల గరగర ఎప్పుడు గుచ్చుకోవడం మానేసిందో నాకు గుర్తు లేదు. అయిదోదానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు, ఇప్పుడు మరీ నెమ్మదిగా మాట్లాడుతున్నానంటుంది. నాలుగోది అలాగే ఉంది. విడి మైక్‌ను బల్ల మధ్యలో పెడితే ఎవరూ దాని ముందు మామూలుగా మాట్లాడటం లేదు. దాని ప్రయోగ గడువు ఇంకా పన్నెండు రోజులుంది.